కాలపరిమితి అనే గడి

నరసాపురం తాసీల్దారు కచేరీలో
మూడో బీరువా, కింది అర.
చెదలు అంచులు కొరికిన కాగితం ఒకటి నా చేతికొచ్చింది.
వశిష్ఠ రిక్రియేషన్ క్లబ్బు,
పదమూడు ముక్కల ఆటకు అనుమతి.
కాలపరిమితి అన్న గడిలో
ఎవరో గుమస్తా, నాకంటే మంచి దస్తూరీ వాడు,
నల్ల సిరాతో రాశాడు: శాశ్వతం.
ఆ మాట చివర పాళీ కాసేపు ఆగినట్టుంది,
చుక్క కాస్త పెద్దదయ్యింది.

ఈ ఊళ్లో దేన్ని శాశ్వతం అంటామా అని
కిటికీలోంచి చూస్తూ లెక్కేశాను.
రేవు పాట ఏడాదికి.
చెరువు లీజు మూడేళ్లకి.
లంక పట్టా, గోదారి ఊరుకున్నన్నాళ్లు.
మా తాతకి లంకలో ఎకరం ఇరవై సెంట్లుండేది.
కాగితం ఇప్పటికీ ఉంది, పసుపు రాసి దాచారు.
నేల మాత్రం అవతలి ఒడ్డున
ఇంకెవరికో మేటవేసింది.
పేకముక్కలకేమో
ఆచంద్రతారార్కం రాసిచ్చాం.

కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇకపై ఏడాదికే.
భగీరథరాజు గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.
"ఏవండీ, ఏడాది కౌలుకిచ్చిన చేలో
ఎవడైనా పెంట తోలతాడా?
లీజు ఆఖరేడు రొయ్యల చెరువు చూశారా,
ఉన్నదంతా పిండుకుని ఉప్పు వదిలేసి పోతాడు.
నాది అన్న ధీమా ఉంది కాబట్టే
అప్పు తెచ్చి ఆడేవాణ్ణి గుమ్మంలో ఆపుతున్నాను.
రేపు ఏడాదిలోనే రాబట్టుకోవాలంటే
ఎవణ్ణి ఆపను, మీరే చెప్పండి."

నేనేం చెప్పలేదు.
ఆయన మాటలో అబద్ధం ఎక్కడుందో వెతికాను,
సగం దూరం దాకా దొరకలేదు.
ఆయన అనని మాట ఒకటి నేనే అనుకున్నాను:
ఏటేటా తిరిగొచ్చే దరఖాస్తుతో పాటు
ఏటేటా ఒక కవరు కూడా తిరిగొస్తుంది.
దాని బరువు ఏ రిజిస్టరులోకీ ఎక్కదు.

అయినా నోటీసు అంటించాను.
అభ్యంతరాలుంటే పద్నాలుగు రోజుల్లోగా.
నలభై ఒక్క ఏళ్లలో ఈ క్లబ్బు గురించి
ఆ వాక్యం గోడెక్కడం అదే మొదలు.

పన్నెండో రోజు.
కాలువలు కట్టేసిన వేసవి,
అడుగు బురద పెచ్చులు లేస్తున్న మధ్యాహ్నం
సువార్తమ్మ వచ్చింది.
లేసు అల్లే వేళ్లు,
చూపుడువేలి మీద సూది చేసిన గట్టి గుంట.
సంచిలోంచి తాకట్టు చీట్లు తీసి
బల్ల మీద ఒక్కొక్కటే వేసింది,
పేక పంచినట్టు.
పదకొండు.
"ఇంకో రెండు వానకి తడిసి అంటుకుపోయాయండి."

"ఐసు ఫ్యాక్టరీ జీతం శనివారం ఇస్తారండి మా ఏసుపాదానికి.
ఆదివారం చర్చికి బయల్దేరేసరికి
కానుక వేయడానికి పది రూపాయలుండవు.
ఇన్నేళ్లూ ఎవర్ని అడిగినా
వాళ్లకి శాశ్వతం ఉందమ్మా అన్నారు.
దేవుడికి గదండీ అది ఉండేది?
మూసెయ్యమని అనట్లేదు.
రాజు గారు ఆసుపత్రికి డబ్బు సాయం కూడా చేశారోసారి.
శనివారం ఒక్క పూట
తలుపు వేసుకోమని రాయండి, చాలు."

ఫైల్లో రాశాను.
షరతు నాలుగు: శనివారం సాయంత్రం ఆరు నుంచి మూత.
పైవారు ఉంచుతారో కొట్టేస్తారో తెలీదు.
కొట్టేయడానికి ఒక గీత చాలు.
నాకూ జూన్లో బదిలీ,
ఈ కుర్చీ కూడా గడువు మీదే ఉంది.

కాలపరిమితి అన్న గడిలో
ఈసారి తేదీ వేశాను. మార్చి ముప్పై ఒకటి.
శాశ్వతం కంటే చిన్న మాట,
గడిలో బోలెడు చోటు మిగిలింది.

సువార్తమ్మ గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చింది.
"మళ్లీ ఎప్పుడు అడుగుతారండీ, అభ్యంతరాలు?"
చెప్పాను.
సంచిలోని దారపు ఉండ తీసి
కొసన ఒక ముడి వేసుకుంది.