పాత పేరుతో పిలుస్తోంది

సొహార్ రేవులో రాత్రి రెండున్నర.
అప్‌డేట్ అయిపోయింది, అంతా పచ్చగానే ఉందని చెప్పింది తెర.
రీస్టార్ట్ చేశాను.
ఏడు మిషన్లు లేచి కూర్చున్నాయి,
ఒక్కటీ పలకలేదు.

పింగ్ కొడితే
గమ్యం అందుబాటులో లేదు
గమ్యం అందుబాటులో లేదు
జ్వరంలో పలవరిస్తున్నట్టు అదే మాట.

కేబుల్ ఊపి చూడమంటారు మొదట ఎవరైనా.
ఇవి పెట్టెలు కావే!
ఒకే ఇనప్పెట్టె పొట్టలో
తామూ పెట్టెలమే అనుకుంటున్న ఏడు ఊహలు.
వాటి తీగ కూడా ఊహే.
లేని తీగని ఏ చేత్తో ఊపను?

వర్చువల్ స్విచ్ బాగానే ఉంది.
ఫైర్‌వాల్ దించాను, మళ్ళీ ఎత్తాను.
అడిగినవాళ్ళకి అడ్రస్ పంచే సర్వరు
గుమ్మంలో నిలబడే ఉంది పాపం,
అడిగేవాళ్ళే లేరు.

బయట గేటు కర్ర లేవటం లేదు.
దాన్ని లేపేది ఈ ఏడింటిలో మూడోది.
వంజరం చేప నింపుకున్న లారీలు
రౌండబౌట్ దాకా వరస కట్టాయి.
నాలుగోసారి ఫోను, మేనేజర్ నాసర్:
"యా హైమా, చేప ఆగదు."
హైమవతిని నేను. ఇక్కడ హైమా అంటే
సలాలా దారిలో, ఎడారి మధ్య
పెట్రోలు పోయించుకునే ఊరు.

పోసన్న సులేమానీ తెచ్చి
చల్లదనానికి భుజాలు ముడుచుకుని తలుపు దగ్గరే నిలబడ్డాడు.
మెట్‌పల్లి మనిషి. పదకొండేళ్ళుగా బోసన్న.
అరబ్బీలో 'ప' లేదు కదా.
"మొదట్ల కోపమొస్తుండె మేడం.
ఇప్పుడు పోసన్నా అని పిలిస్తె
ఎవర్నో అనుకుంట."

అప్పుడు చూశాను.
నెట్‌వర్క్ కార్డు ఉంది. బతికే ఉంది.
నిన్నటిదాకా దాని పేరు ఈటీహెచ్ సున్నా.
అప్‌డేట్ వచ్చి, అడక్కుండా
ఈఎన్ఎస్ నూట తొంభై రెండు అని పెట్టింది.
సెట్టింగుల ఫైలుకి ఆ కబురు అందలేదు.
అదింకా పాత పేరుతోనే పిలుస్తోంది,
ఆ పేరుగలవాడు ఇంట్లో లేడంటోంది.
వాడేమో వసారాలోనే
చెప్పులేసుకుని తయారుగా కూర్చుని
పిలుపు తనకి కాదని ఊరుకున్నాడు.

ఒక మాట కొట్టేసి ఒక మాట రాశాను.
అరవై నాలుగు బైట్లు, సున్నా పాయింట్ మూడు మిల్లీసెకన్లు.
అరవై నాలుగు బైట్లు.
కెమెరాలో గేటు కర్ర లేచింది.
మొదటి లారీ కదల్లేదు, డ్రైవరు నిద్రపోయినట్టున్నాడు.

అలా ఆరు తేరుకున్నాయి.
ఏడోదానికీ అదే మాట మార్చాను, అయినా ఉలకదు.
అసలదేం పని చేసేదో
నాకు ముందున్నవాడు ఎక్కడా రాసిపెట్టలేదు.
అది లేదని ఇంతవరకూ ఎవరూ ఫోను చెయ్యలేదు కూడా.

పోసన్నకి అర్థమయ్యేలా చెప్పాను. నవ్వాడు.
తరవాత చొక్కా జేబులోంచి బతాకా తీశాడు,
రెన్యువల్‌లో వచ్చిన కొత్త కార్డు.
బ్యాంకులో 'ప', దీంట్లో 'బ'.
రెండు నెలల జీతం
ఆ రెండక్షరాల సందులో ఎక్కడో ఇరుక్కుంది.
"గా ఒక్క అక్షరం మీరే మార్చుండ్రి మేడం,
ఇప్పుడు మార్చిండ్రు గదా, గట్లనే."

ఏడు మిషన్లకి నేను రూట్‌ని,
ఏ ఫైలైనా తెరుస్తాను.
అరచెయ్యంత లేని ఆ ప్లాస్టిక్ ముక్కకి
నేనెవరినీ కాను.

ఏడున్నరకి ఆఫీసు తెరుస్తారు, నేనూ వస్తానన్నాను.
సరేనని గోడకి ఆనుకుని కూర్చున్నాడు.
టీ చల్లారిపోయింది.
చెయ్యడానికేం లేక
ఏడోదానికి ఇంకోసారి పింగ్ కొట్టాను.
పోసన్న మెడ చాచి తెర వైపు చూశాడు:
"ఎవలన్న పల్కిండ్రా?"