భర్త పేరు

పాలకొల్లులో బట్టల కొట్టు మీద మేడ.
మెట్లు పద్దెనిమిది.
మూడు రోజులు వరసగా పదకొండో మెట్టు దాకా ఎక్కాను.
డెబ్బై అయిదు కిలోల బస్తాతో
లారీ బల్ల మీద పరిగెత్తినవాణ్ణి,
ఉత్త చేతులతో పన్నెండోది ఎక్కలేకపోయాను.

పైన గది నిండా ఆడోళ్ళు.
ప్లాస్టిక్ బొమ్మ కింద దుప్పటి మారుస్తున్నారు,
బొమ్మ మంచం దిగకుండానే.
నవ్వుకుంటున్నారు. నా గురించి కాదు.
నాకు మాత్రం నా గురించే అనిపించింది.

నాలుగో రోజు నర్సమ్మ కృపావతి గారే మెట్ల మీదికొచ్చి
"ఎవరి కోసమండీ?" అన్నారు.
"మా ఆవిడ కోసమండి, ఆయ్,
పేరు రాయిద్దామని" అనేశాను.
సుగుణ అని ఆవిడే రాసి, మిగతాది నింపి తెమ్మన్నారు.
ఫారం నాలుగు మడతలు పెట్టి జేబులో దాచాను,
దొంగసొత్తులా.

మిల్లులోకి బెల్టు వచ్చిన నాడు
మేస్త్రీ మా నలభై మందికీ తలో తువ్వాలూ ఇచ్చి దండం పెట్టాడు.
బెల్టు టీ అడగదు. దానికి నడుం పట్టెయ్యదు.
బుల్లబ్బాయి రొయ్యల చెరువు కాపలాకి పోయాడు,
రాత్రంతా ఏరియేటర్ల హోరు, మాట్లాడ్డానికి కుక్క.
ఇంకొకడు తాగుతున్నాడు.
అదీ పనే మరి, మగాడి పని.
ఫారం సంగతి చెబితే
బుల్లబ్బాయి కాలవలోకి ఉమ్మేశాడు:
"ఒకడి గుడ్డ మార్చడానికి ఆరు నెలల చదువేంట్రా?
మీసం తీసేసి వెళ్ళు."
నేనూ నవ్వాను. నవ్వకపోతే ఎలాగ?

చొక్కా తడపబోతూ సుగుణ చూసింది.
రొయ్యల కంపెనీ బస్సు తెల్లారి నాలుగున్నరకి.
ఐసులో వొలిచి వొలిచి తన వేళ్ళ కొసలు
నానబెట్టిన బియ్యంలా ఉబ్బుంటాయి.
తన పేరు తను చదువుకుని, మళ్ళీ మడిచి,
"నాకు పనుందిగా. లేంది నీకు" అంది.
అంతే. వెళ్ళి పోపు వేసుకుంది.

ఆదివారం పెద్ద అబ్బులు ఇంటికెళ్ళాం.
నాకు బస్తా నేర్పినవాడు.
మోకాలితో లేపరా, నడుంతో కాదు అని చెప్పీ చెప్పీ
తన నడుం తనే పోగొట్టుకున్నవాడు.
అరుగు మీద అయిదుగురం,
వాన గురించీ, ధాన్యం రేటు గురించీ.
లోపల మాణిక్యమ్మ ఒక్కతే
ఆయన్ని పక్కకి తిప్పుతోంది.
ఆమె రొప్పు బయటికి వినపడుతోంది.
మేం అయిదుగురం హమాలీలం.
ఒకరి బీడీతో ఒకరం అంటించుకున్నాం.

ఎందుకు లేచానో తెలీదు.
లోపలికెళ్ళి ఆయన భుజం కింద చెయ్యేశాను.
చెయ్యి దాని అలవాటున అది
కొక్కెంలా వొంగింది.
"ఒరే ఏసుపాదం," అన్నాడు కళ్ళు తెరవకుండానే,
"బస్తాకి నొప్పుండదురా. నాకుంది."

వేళ్ళు విప్పాను.
ఇరవై రెండేళ్ళలో మొదటిసారి
అరచెయ్యంతా ఆనించి ఒక బరువుని పట్టుకున్నాను.
బస్తా కూడా వెచ్చగానే ఉంటుంది,
కానీ అది ఎండ వెచ్చన.
వాసన వచ్చింది. మాణిక్యమ్మ తల దించుకుంది.
"తవుడు దుమ్ములో బతికిన ముక్కండి, ఏం తెలీదు" అన్నాను.
అబద్ధం. కడుపులో తిప్పేసింది.
బోరింగు కాడ చేతులు కడిగాను. మళ్ళీ కడిగాను.
బుల్లబ్బాయి నా చేతుల వంక చూసి
బీడీ ఇవ్వబోయి ఆగాడు.
తర్వాత ఇచ్చాడు.

ఆ రాత్రి లైటు కింద ఫారం విప్పాను.
సుగుణ పేరు కొట్టేసి నాది రాశాను, ఒత్తి,
కాయితం చిరిగేంత.
దాని కింద గడి: భర్త పేరు.
అదొక్కటే అచ్చేశారు, పక్కన ఇంకో మాట లేకుండా.
పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.
సుగుణ నాలుగింటికి లేవాలి, అటు తిరిగి పడుకుంది.
"ఏం రాయమంటావే ఇక్కడ?"
"ఖాళీ వదిలెయ్. వాళ్ళే అడుగుతారు."
"అడిగితే?"
నిద్రపోయింది.