ఎలుక కొరికిన పేజీ

చీమకుర్తిలో పదకొండున్నరకు
క్వారీలో బాంబు పేలుతుంది.
మూడో తరగతి కిటికీలు ఒకసారి దడదడలాడి
ఊరుకుంటాయి.
పిల్లలు తల కూడా ఎత్తరు.

ఆ రోజు బొమ్మల పుస్తకం చదువుతున్నాను.
మండలాఫీసు నుంచి అట్టపెట్టెలో వచ్చింది,
నాకంటే ముందు ఎలుకలు విప్పాయి.
కథలో ఒక పిల్ల, మంచు కురిసే దేశంలో
కొత్త బడికి వస్తుంది.
దాహమేస్తుంది.
నీళ్ళని అక్కడ ఏమంటారో తెలియదు.
గంట కొట్టేదాకా గుటకలు మింగుతూ కూర్చుంటుంది.

"మంచంటే ఎట్టా ఉంటది టీచరా?"
"పాలిషింగ్ మిల్లు కాడ చెట్ల మీద పడతదే,
ఆ పిండి మాదిరే," అన్నాడు ఏసురత్నం.
నేను కాదనలేదు. నేనూ మంచు చూడలేదు.

చివరి పేజీ లేదు.
మిగిలిన ముక్కలో సగం బల్ల, ఒక చెయ్యి,
చేతిలో గ్లాసు అంచు.
ఆ చెయ్యి ఎవరిదో ఎలుకకే తెలియాలి.

"ఎవరు ఇచ్చుంటారు?"
టీచరేనంది జరీనా, నా మొహం చూసి.
కుళాయి కాడికి తనే పొయ్యుంటదని ఇంకొకడు.
మాల్యాద్రి మాత్రం
వెనక బల్ల వైపు తిరిగి కూర్చున్నాడు.

అక్కడ కుంతలా బెహరా.
జూన్‌లో వచ్చింది, ఇప్పుడు నవంబరు.
వాళ్ళ నాన్న క్వారీలో డ్రిల్లు పడతాడు.
నా హాజరు పట్టీలో ఆమెకు పేరుంది,
నా నోట్లో మాత్రం ఒరిస్సా పిల్ల.

"అమ్మే, మీరు నీళ్ళని ఏమంటారు?"

ఫ్యాను కిర్రుమంటూ తిరిగింది, చాలాసేపు.
"పాణి," అంది.

"పాణమా?" అన్నాడు మాల్యాద్రి.
దిద్దబోయాను.
ట్యాంకరు రాని రోజు
బోర్లించిన బిందె మీద కూర్చుని
వీళ్ళమ్మ అనే మాట అదేనని గుర్తొచ్చి
సుద్దముక్క కింద పెట్టాను.

చుక్కలున్న నల్లరాయి ఇక్కడ్నించి ఓడెక్కుతుంది,
నేను పేరు పలకలేని ఊళ్ళలో
ఎవరి వంటగట్టో అవుతుంది.
ఏ భాష వచ్చని దాన్ని ఎవరూ అడగరు.
ఆ రాయిని తొలిచే మనిషి కూతురు
ఐదు నెలలు నా గదిలో గుటకలు మింగిందా?
దాహమని చెప్పలేదే అని
ముందు కోపమే వచ్చింది నాకు.
రావలసింది రావడానికి
అన్నం గంట దాకా పట్టింది.

పుస్తకం వెనక తెల్లకాగితం అంటించాం.
ఎవరు బొమ్మ గీయాలో తగువు తెగలేదు,
ఇంకా తెల్లగానే ఉంది.

ఆ మధ్యాహ్నం కుళాయి కాడ తోపులాట,
"పానీ, పానీ" అని ఒకటే అరుపులు.
కొందరు వెక్కిరింతకే అన్నారు, విన్నాను.
వెళ్ళి అదిలించేలోపు
కుంతల ఏసురత్నం గడ్డం పట్టుకుని
నోరు తెరిచి చూపిస్తోంది:
'ని' కాదు,
నాలుక ఇదిగో, ఇట్టా
వెనక్కి మడవాలి.