వార్నిష్

బెజవాడ ఆటోనగర్ బడి. ఆరో తరగతి.
బల్ల మీద రెండు బ్యాటరీలు, ఓ టార్చి బల్బు,
కాలిపోయిన ఫ్యానులోంచి పీకిన రాగి తీగ.

కరెంటు బయల్దేరిన చోటికే తిరిగి రావాలర్రా
అంటూ బోర్డు మీద గుండ్రంగా గీశాను.
బొమ్మలో వెలిగింది.
బల్ల మీద వెలగలేదు.

బ్యాటరీ మార్చాను. బల్బు మార్చాను.
వెనక బెంచీ నవ్వు మాత్రం ఆగలేదు.

మోటార్లకి వైండింగు చేసే ఖాసిం కూతురు
మస్తాన్‌బీ లేచొచ్చింది.
"పైన వార్నిష్ ఉంటుద్ది సార్, గీకాలి."
జామెట్రీ బాక్సులోంచి సగం బ్లేడు తీసి
కొసలు రెండూ గీకింది.
తాకించింది.

చిన్న వెలుగు.
దాని మీదికి ముప్పై తలలు, నాదొకటి.
పన్నెండేళ్లుగా గీస్తున్నాను,
ఒక్కసారీ గీకలేదు.

బ్లేడు కాగితంలో చుట్టేస్తూ
"మా నాన్నకి చెప్పకండి సార్" అంది.