సూదుల్ని వినే ఆవిడ

మంగళవారం నాలుగింటికి
మంచు సరిగా దులపని బూట్లతో లైబ్రరీలోకి వస్తుంది యద్వీగా.
మూడో కంప్యూటరు ఆమెది.
ఎవరూ రాసివ్వలేదు. అయినా ఆమెదే.

మా ఊరు వూచ్. మా భాషలో పడవ అని అర్థం.
నదుల్ని ఎప్పుడో గొట్టాల్లోకి తోసి పైన రోడ్లేశారు,
పడవ మాత్రం పేరులో ఇరుక్కుపోయింది.

ముప్పై ఒక్కేళ్లు మేజోళ్ల ఫ్యాక్టరీలో
అల్లిక యంత్రాలు బాగుచేసింది యద్వీగా.
అక్టోబరులో గేటుకి తాళం పడింది.
నాది చిన్న కొలువు. పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లకి కొత్తది ఇప్పించడం,
ప్రింటరు మొరాయిస్తే ఒక్కటి చరవడం.
ఆమెకి ప్రొఫైల్ తెరవడం కూడా నా నెత్తినే పడింది.

ఫొటో కావాలంది తెర.
మేనకోడలి పెళ్లిలోది తెచ్చింది.
పక్కవాళ్లని కత్తిరించేశాం,
భుజమ్మీద ఎవరిదో చెయ్యి మిగిలిపోయింది.
"ఉండనీ," అంది,
"మరీ ఒంటరిదాన్నని అనుకోరు."

తర్వాత నైపుణ్యాలు.
నాయకత్వం, బృంద స్ఫూర్తి, వేగంగా నేర్చుకునే తత్వం...
కూరగాయల కొట్లో గొళ్లెం కోసం వచ్చినదానిలా చూసింది ఆ జాబితాని.
"నేను వింటాను," అంది.
"ఏం వింటారు?"
"రెండొందల నలభై సూదులు తిరుగుతుంటే
ఏది వంగిందో వింటాను.
కళ్లు మూసుకుంటే ఇంకా బాగా."

వినికిడి అని కొట్టి వెతికాను.
చెవిటి మిషన్లు అమ్మే ఉద్యోగం చూపించింది.
ఆమె నవ్వడం అదే మొదటిసారి చూశాను.
చివరికి నేనే అక్షరం అక్షరం కొట్టాను: సూదుల్ని వినడం.
తెరకి అర్థం కాలేదు.
అయినా ఉంచుకుంది.

ఫొటో చుట్టూ పచ్చని వలయం, పనికి సిద్ధం అని.
"సంతలో బాతు మెడకి కట్టిన రిబ్బనులా ఉంది" అని తీయించేసింది.
రెండు వారాలకి
నాకు చెప్పకుండా తనే మళ్లీ పెట్టుకుంది.

నలభై చోట్లకి పంపాం.
'మీ ఆసక్తికి ధన్యవాదాలు' అని ఒక జవాబు,
రాత్రి రెండూ పదమూడుకి.
"ఎవరో పాపం, అంతదాకా నిద్రపోలేదు," అంది.
మనిషి కాదని నేను చెప్పలేదు.
తెలిసే అందేమో.

జనవరిలో తెర మీద గంట బొమ్మ వెలిగింది:
త్సెజరీకి శుభాకాంక్షలు చెప్పండి,
అదే సంస్థలో ఇరవై ఎనిమిదేళ్లు పూర్తి.

సంస్థ లేదు.
త్సెజరీ కూడా లేడు, కిందటేడు చెట్లు చిగురించకముందే పోయాడు.
ఈ రెండు కబుర్లూ తెరకి ఎవరూ చేరవేయలేదు.
మౌస్ మీద ఆమె చెయ్యి అలాగే ఉండిపోయింది.
చాలాసేపటికి
టక్.
పంపేసింది.
నా మొహం చూసి అంది:
"చేశాడు కదా అన్నేళ్లు. ఆఖరి రోజున ఎవరూ ఒక మాట అనలేదు."

మళ్లీ మంగళవారానికి జవాబు ఉంది.
నేను లిడియాని, ఆయన కూతుర్ని,
నాన్న ఖాతా మూసేయడానికి చెయ్యి రాలేదు,
మీ చెవుల గురించి ఇంట్లో కథలు కథలుగా చెప్పేవాడు.
ఆ కింద ఒక చిన్న అచ్చు వరస:
సూదుల్ని వినడం. ధ్రువీకరించినవారు, త్సెజరీ.

యద్వీగా కళ్లద్దాలు తీసి
స్వెటరు అంచుతో తుడిచింది, తుడుస్తూనే ఉంది.

ఉద్యోగం ఇంకా రాలేదు.
పబ్యానిత్సెలో ఎవరో చిన్న కార్ఖానావాళ్లు ఫోను నంబరు అడిగారు,
గురువారం చేస్తామన్నారు. చూడాలి.
ఆ కబురే కాగితం మీద కావాలంది.
ప్రింటరు సగంలో మూలిగి ఆగింది.
నేను చెయ్యెత్తాను.

"కొట్టకు,"
కళ్లు మూసుకుని ఉంది.
"ఎడమవైపు, లోపలి చక్రం.
ఒక పన్ను లేదు."