కె.ఎమ్. పదిహేడు

కాశిమేడులో తెల్లారకముందే వలలు దులుపుతారు.
చేప కానిదంతా గట్టు మీదికి విసిరేస్తారు:
పీతకాళ్లు, తెగిన చెప్పు, ఎవరికీ అక్కర్లేని నాచు,
అరచేతిలో పట్టేంత స్పంజి ఒకటి.
"దాన్నేం చేసుకుంటావు పాపా?"
ఐసుపెట్టె మీద కూర్చున్న సెల్వమేరి అడిగింది.
డబ్బులిస్తే నవ్వింది, తీసుకోలేదు.

నాలుగో రోజున పెట్రి పళ్లెంలో
తెల్లటి చుక్కల మధ్య ఒకే ఒక్క చుక్క
రంగు తిరిగింది.
ఊదా అందామంటే ఊదా కాదు.
నేరేడుపళ్లు తిన్న నాలుక అందామంటే అంత ముదురూ కాదు.
పళ్లేలు కడిగే ఎతిరాజులు తొంగిచూసి
నాలుగు తరాలు చెన్నపట్నంలో నానిన తెలుగులో అన్నాడు:
"వంగపువ్వుమ్మా. వాన పడిన పొద్దు వంగపువ్వు."
నేను రికార్డు పుస్తకంలో వయొలెట్ అని రాశాను.
అందులో వానకి గడి లేదు.

ఆ తర్వాత విచారణ.
గాజుపలక మీద పలచగా పరిచి, మంటకి చూపి,
సీసాలోని ఊదా పోశాను, అయోడిన్ పోశాను,
ఆల్కహాలుతో కడిగాను.
నేనిచ్చిన ఊదాని అది పట్టుకోలేదు.
తన ఊదా తను కనేదానికి నాది దేనికి?
చివరికి ఎరుపు పోస్తే గులాబీగా తేలింది.
గ్రామ్ నెగెటివ్ అని రాసి, కాసేపు సిగ్గుపడ్డాను
రంగుల దాన్ని రంగులతో నిలదీసినందుకు.

చక్కెరలు పెట్టి ఏది తింటావన్నాను.
ఉప్పు తగ్గిస్తూ ఎంతకి అలుగుతావన్నాను.
జన్యువు చదివించమని బెంగుళూరు పంపాం.
తొమ్మిది రోజులకి జవాబు:
బాగా దగ్గరి చుట్టంతో పోలిక తొంభై ఆరున్నర.
సుగుణవల్లి మేడమ్ కళ్లజోడు తీసి తుడిచి
"తొంభైతొమ్మిదికి దగ్గరైతే ఆ ఇంటిదే అనొచ్చు.
ఇది పక్కవీధి" అన్నారు.
ఆ సాయంత్రం అందరికీ బజ్జీలు.

ఆ వారమే అది తెల్లబోయింది.
నిజంగానే. ఏ పళ్లెం తీసినా మజ్జిగ చుక్కలు.
మళ్లీ చదివించాం. అదే జన్యువు, అక్షరం తేడా లేదు.
వ్యాసం శీర్షికలో మాత్రం
'రంగునిచ్చే' అన్న మాట అప్పటికే కూర్చుని ఉంది.
రెండు రాత్రులు ఫ్రిజ్ చప్పుడు వింటూ
రంగు పోతే నువ్వు నువ్వేనా అని
పళ్లేన్ని అడిగానో, నన్నడిగానో.

"కొన్న ఉప్పు కలిపిన నీళ్లు పోస్తే
దానికి మాత్రం ఎట్లుంటాదమ్మా" అన్నాడు ఎతిరాజులు.
మోపెడ్ మీద క్యాన్ కట్టుకుని పోయి
కాశిమేడు నీళ్లు తెచ్చాడు, డీజిలు వాసనతో సహా.
వడగట్టి, ఉడికించి, అగర్ పోశాం.
మూడో రోజు అంచున మొదలైంది.
నీళ్లలో ఏముందో ఇప్పటికీ తేలలేదు.

ఇక పేరు. లాటిన్‌లో ఉండాలి.
రెండు దేశాల్లో రెండు సీసాలు దాచాలి.
మేడమ్ ఊరి పేరు పెడదామన్నారు.
నేను వంగపువ్వు అన్నాను. ఊరే గెలిచింది.
ఎండబెట్టి పంపిన పొడిలో ఏ రంగూ లేదు.

సెల్వమేరికి ఫోనులో ఫొటో చూపించాను.
"ఓ, ఇదా! స్పంజి పిండితే చేతికి అంటేది.
మా అమ్మ దీన్నొక పేరుతో పిలిచేది" అంది.
పెన్ను కోసం సంచిలో వెతుకుతున్నాను.
పడవ వచ్చింది. బుట్ట ఎత్తుకుని లేచి వెళ్లింది.