చుక్క పైకి

భీముడని పేరు పెట్టుకున్న గడ్డపు తొండ
మగది కాదని డిసెంబరు రెండో వారంలో తేలింది.
పెరట్లో ద్రాక్షతీగ కింద మట్టి తవ్వి తవ్వి
బొరియలోకి వెనక్కి దిగి, కళ్లు సగం మూసి
ఇరవై రెండు గుడ్లు పెట్టి
మన్ను కప్పేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి
బొద్దింక కోసం నా చెయ్యి వైపు చూసింది.

మరి మగతోడేదీ అన్నాను.
పక్కింటి గ్లెనిస్ కంచె మీద మోచేతులాన్చి నవ్వింది.
అక్టోబరు దాకా అది వాళ్ల తొట్టెలోదే.
దాచుకుంటాయట, నెలల తరబడి, లోపలే.

మిల్డ్యూరాలో ఫ్రిజ్‌లు బాగుచేసేవాణ్ణి నేను.
పదకొండేళ్లుగా చల్లదనం అమ్ముకుని బతుకుతున్నాను:
నారింజ షెడ్లకి, మాంసం కొట్లకి, పబ్బులో బీరు గదికి.
"వెచ్చగా ఉంచడం వచ్చా నీకు?" అంది మేదిని.

షెడ్డులో చచ్చిన ఫ్రిజ్ ఒకటి ఉంది.
కంప్రెసర్ ఎప్పుడో ఊడదీసి ఇంకొకరికి బిగించాను.
గోడలు మాత్రం గట్టివి. లోపలి సంగతి బయటికి పోనివ్వవు.
అడుగున బకెట్ నీళ్లు, నీళ్లలో చేపలతొట్టి హీటరు.
తలుపు రబ్బరు పక్కన చిన్న కన్నం, సెన్సరు తీగకి.
ఐస్‌క్రీం డబ్బాలు నాలుగు.
ఇరవై తొమ్మిది డిగ్రీలు.

వర్మిక్యులైట్ గ్లెనిస్ తెచ్చింది, నర్సరీ నుంచి.
నీళ్లెంత అంటే పిడికిలి బిగించి చూపించింది.
అర్థమైంది, సున్నుండల పదును.
నొక్కితే ముద్ద నిలవాలి, చుక్క రాలకూడదు.

గుడ్లెత్తడం మేదిని పని, సన్న వేళ్లది.
కోడయితే ముక్కుతో తిప్పుతూనే ఉంటుంది.
వీటిని తిప్పకూడదు.
మట్టిలో ఏ వైపు పైనుంటే ఆ వైపే చివరిదాకా పైన.
తల్లకిందులైతే లోపలి ప్రాణం మునిగిపోతుంది.
అందుకని ఒక్కోదాని నెత్తిన
పెన్సిల్‌తో దిష్టిచుక్క పెట్టి
ఊపిరి బిగబట్టి తెచ్చి దించింది.
చుక్క పైకి. చుక్క పైకి.
ఇరవై రెండుసార్లు.

పదో రోజు వెనక టార్చి పెట్టి చూస్తే
ఎర్రటి దారాలు, నేను గీసే ఏ వైరింగు బొమ్మకన్నా సన్నగా.
ఆరింటికి బూజు పట్టింది. మేదిని లెక్క దిద్దుకుంది.

జనవరిలో నలభై ఆరు డిగ్రీల రోజు
మధ్యాహ్నం మూడింటికి వీధంతా కరెంటు పోయింది.
ఇన్నాళ్లూ వేడి తగ్గుతుందేమోననే నా దిగులు.
ఇప్పుడు పొదిగే పెట్టెకన్నా ఊరే వేడిగా ఉంది.
రేకులు టిక్కుటిక్కుమంటున్నాయి.
బ్యాటరీ మీటరు ముప్ఫై ఒకటి అంది, ముప్ఫై రెండున్నర అంది.
ఫోను మోగుతూనే ఉంది,
పబ్బువాళ్లు, మాంసం కొట్టువాళ్లు.
ఎత్తలేదు.
వంటింటి ఫ్రీజర్లో గడ్డకట్టిన సీసాలు తువ్వాళ్లలో చుట్టి
గంటకొకటి అడుగున పెడుతూ
చచ్చిన ఫ్రిజ్‌ని ఆ రాత్రికి మళ్లీ ఫ్రిజ్‌ని చేశాను.
దాని తలుపుకి వీపానించి కూచున్నాను.
డబ్బాలు కదపలేదు.
తెల్లవారుజామున నాలుగింటికి
హీటరు మీద ఎర్ర దీపం వెలిగింది.

అరవై మూడో రోజు గుడ్లకి చెమట పట్టింది.
సొట్టలు పడ్డాయి. ఒకదాని మీద గీత.
గీతలోంచి ముక్కు.
ముక్కు బయటపెట్టి నిద్రపోయింది, ఒక పూటంతా.
సాయం చెయ్యకూడదు అంది గ్లెనిస్.
నా చేతులు స్పానరు చేతులు,
ఆగిపోయింది ఏది కనబడినా విప్పి చూసే చేతులు.
జేబుల్లో పెట్టుకున్నాను.

పదమూడు బయటపడ్డాయి.
చిటికెనవేలంత ఒళ్లు, ఊరంత కోపం,
ఇంకా రాని గడ్డం ఉబ్బించి నన్నే బెదిరించాయి.
రెండు లోపలే ఆగిపోయాయి.
లైసెన్సు పుస్తకంలో, ఎక్కడినుంచి వచ్చాయి అనే గడిలో
మేదిని "ఫ్రిజ్‌లోంచి" అని రాసింది.
కొట్టెయ్యబోయి ఊరుకున్నాను.

ఇంకొకటి ఉంది.
సొట్ట లేదు, చెమట లేదు, బూజూ లేదు.
ఇవాళ్టికి ఎనభై ఒక్క రోజులు.
చుక్క పైకే ఉంది.